చిన్న రసాలతో చేసిన గ్రహాంతర గుడ్లు

కన్నతల్లిని రాక్షసిగా మార్చిన పాపం నాది. కంగారు పడకండి, ఆవిడ ఈ లోకపు మనిషి కాదు, టీవీలో గ్రహాంతరవాసి. పాపం మాత్రం నిక్షేపంగా నాదే.

ఎనభైల్లో ఓ అంతరిక్షం సీరియల్ వచ్చేది. అందులో రెండు వారాలు కనిపించిన గ్రహాంతర తల్లి జనానికి తెగ నచ్చడంతో, ఆవిడ కథనే వేరే సీరియల్‌గా తీయడం మొదలుపెట్టారు. ఆవిడ గ్రహంగా చాట్రాయి దగ్గర ఎర్రమట్టి గుట్టను ఎంచుకున్నారు. పక్క తోట మాది. గుడ్లు కావాలని డైరెక్టరుగారు అనగానే పాతికేళ్ల పొగరుతో ముందుకు దూకాను.

“రాయిలాంటి చిన్న రసాలు కోసి వెండి కాగితం అంటిస్తానండి. మామిడి సంగతి నాకొదిలేయండి.”

“తేడా వస్తే మళ్లీ తీయడానికి ఫిలిం లేదయ్యా,” అన్నారాయన.

“తేడా వస్తే నా పేరు మార్చుకుంటానండి. బాగుంటే మాత్రం ఆ పేరు టీవీలో వేయాలి.”

ఆయన సరేనన్నారు. టీవీలో నా పేరొస్తుందని సాయంత్రానికల్లా విస్సన్నపేట దాకా నేనే చాటింపు వేసుకున్నాను.

ఇంతలో కెమెరా చెడి షూటింగ్ వారం వాయిదా పడింది. గుడ్లు దాచాలి. మామిడికాయను భద్రంగా దాచడానికి మా వంశానికి తెలిసిన దారి ఒక్కటే: వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పడం. కప్పాను. దాన్నే మాగవేయడం అంటారని, అలా పెడితే కాయ పండవుతుందని మా ఊళ్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. చేతులు పనిచేస్తున్నాయి కదా అని బుర్రకు సెలవిచ్చాను. వాసన రాలేదా అంటారా? మే నెలలో మా వైపు మామిడి వాసన రాని చోటు చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

షూటింగ్ రోజు గంపలెత్తిన మా కూలీ పైడమ్మ, గుడ్లు మెత్తబడ్డాయని చెప్పింది. జిగురు ఆరలేదులే అని కొట్టిపారేశాను.

తల్లి వేషం వేసినావిడ ఒళ్లంతా ఆకుపచ్చ రంగు పూసుకుని, గుడ్డును గుండెకు హత్తుకుని, “నా చిన్నారీ, నిన్నెవరికీ ఇవ్వను” అంటూ అదిమింది. అదిమితే చిన్న రసం ఏం చేస్తుందో మీకు తెలుసు. ముచ్చిక ఊడి, రసం మోచేతి దాకా కారింది. ఆవిడది చింతలపూడి. మోచేతికి రసం కారుతుంటే ఊరుకునే రక్తం కాదు. సీరియల్ మరిచిపోయి మోచెయ్యి నాకింది. అక్కడితో ఆగినా బాగుండేది. కాగితం ఒలిచి, టెంక తేలేదాకా జుర్రేసింది. కాయలు మాగాక గడ్డి తీసి ఏం లాభం?

డైరెక్టరుగారు ఆ టెంక వైపోసారి, నా వైపోసారి చూశారు. తరవాత మెల్లగా అడిగారు.

“ఏమయ్యా, మీ వైపు తల్లులు పిల్లల్ని తింటారా?”

“లేదండీ, రసాలు తింటారండీ.”

ఫిలిం లేదు కాబట్టి కథే మార్చారు. తల్లి పిల్లల్ని మింగే రాక్షసి అయింది. ఆ మలుపు అద్భుతమని ఉత్తరాలు రాసిన ప్రేక్షకులారా, ఆ అద్భుతం మా వరిగడ్డిది.

సీరియల్ వచ్చిన రోజు ఊరంతా మా వరండాలోనే. డైరెక్టరుగారు మాట తప్పలేదు. రాక్షసి టెంక చీకుతుండగా, సరిగ్గా ఆవిడ గడ్డం కింద అక్షరాలు పడ్డాయి: గుడ్లు – సూర్యప్రకాశం, చాట్రాయి.

అందరూ నా వైపు తిరిగారు. పైడమ్మ ఒక్కతే నోరు విప్పింది.

“బాగా మాగాయండి, బాబుగారూ.”

పేరు మార్చుకునే శ్రమ నాకు లేకుండా ఊరే మార్చేసింది. ఈనాటికీ నేను గుడ్ల సూర్యాన్నే. అందుచేత మా తోటలోని మొట్టమొదటి చెట్టు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకపై ఏ గ్రహం వాళ్లొచ్చి గుడ్లడిగినా కోడిగుడ్లే ఇస్తాను, అవి కూడా ఉడకబెట్టి.