మిషన్ రాసిన రామకోటి

మా అత్తగారు రామకోటి రాయడం మానేశారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పాలావిడ. ఒకే ఇంట్లో కింద ఆవిడ, పైన మేము. మధ్యన ఉన్నవి మెట్లే. అయినా ఆ కబురు వీధిలోంచి వచ్చి నన్ను చేరింది.

"పెద్దమ్మగారికి ఒంట్లో బాలేదాండి?" అంది పాలు పోస్తూ.

"బాగానే ఉన్నారే. ఎందుకలా అడిగావు?"

"ఏం లేదండి. రోజూ నేనొచ్చేసరికి పీట మీద కాగితాలెట్టుకుని రాసుకుంటా ఉండేవారు కదండీ. ఇప్పుడు ఊరికే కూర్చుంటున్నారు. అడిగితే, 'మా కోడలు మిషన్ చేత రాయిస్తోందిలేవే, నాకు రిటైర్మెంటు' అన్నారండి. నవ్వుతానే అన్నారనుకోండి."

ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలియలేదు గానీ, జరిగింది నా వల్లేనని మాత్రం తెలిసిపోయింది.

కొవ్వూరులో మా ఇంటి కింది వాటాలో మామగారి పాత కంప్యూటరు, దానికి వైరుతో తగిలించిన ప్రింటరు ఉన్నాయి. ఆయన బడి పంతులు. ప్రశ్నపత్రాలు దాని మీదే కొట్టుకునేవారు. ఆయన పోయాక అది ఖాళీగా పడి ఉంటే, నేను అత్తగారికి పనికొచ్చేలా చేశాను. చేయి వణకడం మొదలయ్యాక, బజార్లో దొరికే రామకోటి పుస్తకాల్లోని చిన్న చిన్న గళ్ళు ఆవిడకు కుదరలేదు. పెద్ద గళ్ళు గీసిన కాగితాలు అచ్చు వేసి ఇచ్చేదాన్ని. చేయి పూర్తిగా మొండికెయ్యకముందే ఆ కట్ట పూర్తి చేసి, భద్రాచలంలో రాములవారికి అప్పజెప్పాలని ఆవిడ కోరిక. అంతకుమించి ఈ లోకంలో ఆవిడ అడిగిందేమీ లేదు.

ఆ రోజుల్లో కాగితాల కోసం నేను కిందికి దిగాల్సిందే. ప్రింటరు మూలుగుతూ ఒక్కో కాగితం వదిలేలోపు ఇద్దరం కబుర్లు చెప్పుకునేవాళ్ళం. కొత్త కాగితం వెచ్చగా ఉంటే ఆవిడ చెంపకు ఆనించుకుని, "అప్పుడే దించిన అప్పడంలా ఉందే" అనేవారు.

ఒక ఆదివారం రాజమండ్రి నుంచి మా మరిది వచ్చి ఆ శ్రమ తప్పించాడు. "వదినా, ప్రింటర్‌ని వైఫైలో షేర్ చేసేశాను. కింద కంప్యూటర్ ఆన్‌లో ఉంటే చాలు. నువ్వు మేడ మీంచి ఫోన్‌లో నొక్కు, కింద అమ్మ దగ్గర కాగితం వచ్చేస్తుంది." అత్తగారు కంప్యూటరు స్విచ్ వేయడం నేర్చుకున్నారు. నేను నొక్కడం నేర్చుకున్నాను. ఆ తర్వాత కిందికి దిగకపోలేదు. కూరగిన్నె అందించి, మందు వేసుకున్నారా అని గుమ్మంలోంచే అడిగి, ఎక్కేసేదాన్ని. మధ్యాహ్నాలు ఫోన్‌లో కొందరు ఆడవాళ్ళకు విష్ణు సహస్రనామం నేర్పుతాను. ఊళ్ళో వాళ్ళందరికీ భగవన్నామం అందించే హడావుడిలో ఉన్నానన్నమాట.

ఆవిడ వణుకు ఎక్కువైందని గమనించినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. నేను బడికి వెళ్ళలేదు. మొగల్తూరులో మా అరుగు మీద ఆయన పలక మీద పలచగా రాసిచ్చేవారు, దాని మీద నేను దిద్దేదాన్ని. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ ఆ దిద్దుడుతో వచ్చినవే. అత్తగారికీ అలాగే చేద్దామనుకున్నాను. గళ్ళలో 'శ్రీరామ' అని లేత బూడిద రంగులో పెట్టి పంపితే, దాని మీద కలం పోనిస్తే చాలు కదా. ఫోన్‌లో చూస్తే ముగ్గుపిండితో రాసినంత లేతగా ఉంది. మేడ మీంచే నొక్కాను. "కాగితాలు వచ్చాయా?" అని మెట్ల మీంచి కేకేశాను. "వచ్చాయమ్మా" అన్నారు. దిగి చూడలేదు. మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉన్నాను.

పాలావిడ వెళ్ళగానే కిందికి పరుగెత్తాను. దేవుడి పీఠం పక్కన కాగితాల దొంతర, పైదానికి కుంకుమబొట్టు, మీద నందివర్ధనం పువ్వు. ప్రతి గడిలోనూ 'శ్రీరామ', కాటుకంత నల్లగా. దిద్దడానికేమీ మిగల్లేదు.

"ఇవేంటి అత్తయ్యగారూ, ఇలా పడ్డాయి?"

"నువ్వు పంపినవేగా. పాపం ఆ ప్రింటరు మీ మామగారి హయాంలో అన్నీ ప్రశ్నలే కొట్టింది. ఇన్నాళ్ళకి దానికి మోక్షమార్గం చూపించావు."

"మరి నన్నొక్క మాట అడగకపోయారా?"

ఆవిడ పువ్వు సర్దారు. "ఏమని అడగనే? నా రాత బాలేదని చెప్పడానికి నువ్వే మొహమాటపడ్డావనుకున్నాను. భద్రాచలంలో పదిమంది చూసే కట్ట కదా, శుభ్రంగా ఉండాలని చేశావనుకున్నాను."

ఆవిడ నా మీద కేకలేసి ఉంటే బాగుండేది.

మరిదికి ఫోన్ చేస్తే, "అయ్యో వదినా, టోనర్, అదే ప్రింటరు సిరా, పలచగా పడుతోందని, అక్షరాలన్నీ నల్లగా కొట్టమని నాన్న ఉన్నప్పుడే సెట్టింగ్ పెట్టాను. ఏ రంగు పంపినా నల్లగానే వస్తుంది" అన్నాడు. వాడి తప్పు లేదు. ప్రింటరు తప్పూ లేదు. ఒక్కసారి దిగి చూస్తే మొదటి కాగితంతోనే తెలిసేది.

ఆ పూటే సెట్టింగ్ మార్పించి లేత కాగితం తీశాను. చేతికి కలం అందించాను. 'శ్రీ' ఎలాగో దిద్దారు. 'రా' దగ్గర కలం గీత దాటి గడి అంచుకి జారిపోయింది. రాయకుండా గడిచిపోయిన ఆ రోజులే చేతిని తీసుకుపోయాయో, వయసే తీసుకుపోయిందో నాకు తెలియదు. రోజూ దీపం దగ్గర అదే అడుగుతాను. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకు వాళ్ళకు దణ్ణం పెడతాను గానీ, ఆ మంచితనం నాకు బరువుగానే ఉంది.

ఇప్పుడు మధ్యాహ్నం పాఠం సాయంత్రానికి మార్చుకున్నాను. కింద ఆవిడ పక్కన కూర్చుని కాగితం జరగకుండా పట్టుకుంటాను. నల్ల కాగితాలు పారేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు, "అందులో ఉన్నదీ రాముడేగా" అన్నారు. ఆ వరసల మధ్య సందుల్లోనే రాస్తున్నారు. ఒక్కోనాడు ఒక వరస, ఒక్కోనాడు ఒక్క నామం. కట్ట పూర్తవుతుందని నేను అనుకోవడం లేదు. ఆవిడా అనుకోవడం లేదేమో. అయినా మధ్యాహ్నం కాగానే, "ఏమ్మా, దిగుతున్నావా?" అని పిలుస్తారు. ఇంకా పిలుస్తున్నందుకు ఆ రామయ్య తండ్రికి నా నమస్కారాలు.

చదివేవాళ్ళలో కాగితం పైన ముందుగా 'శ్రీరామ' అని రాసుకునే అలవాటున్నవాళ్ళు ఉంటే ఒక్క మనవి. నన్ను గుర్తుంచుకోనక్కర్లేదు. ఆ రెండక్షరాల 'రామ' మీ చేతి నుంచి సాఫీగా దిగుతున్నప్పుడు, మా అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి.