అరుగు మీద చదివిన అర్జీ

మొన్న కలెక్టరాఫీసు వీధిలో కరెంటు బిల్లు జిరాక్సు తీయించుకోవడానికి వెళ్తే, కొట్టతను కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏంది టీచరుగారూ, ఈమధ్య అర్జీలు మానేశారా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోను. నరసరావుపేటలో నా అర్జీలకు ఓ పేరుంది మరి. కుళాయి నీళ్ళ మీద, వీధిలైటు మీద, వినుకొండ బస్సులో "జరుగు ముసల్దానా" అన్న కండక్టరు మీద వరసపెట్టి రాశాను. అప్పటికి నాకు యాభై రెండే. నన్ను చూడగానే టీ తాగడానికి లేచిపోయే అధికారులు ఏ తలుపులోంచి వెళ్ళేవాళ్ళో ఇప్పటికీ చెప్పగలను. కానీ మానేసిన మాట నిజం. ఎందుకు మానేశానో అతనికి చెప్పలేదు.

కొన్నేళ్ళ కిందట మా వెనక గదిలో ఒకామె అద్దెకు దిగింది. పంచాయతీ ఎన్నికల గొడవలో మొగుణ్ణి పోగొట్టుకుని, అదే గొడవలో తానూ ముద్దాయై, మూడేళ్ళు జైల్లో ఉండి వచ్చింది. మా వీధిలో ఎవరూ ఇల్లివ్వలేదు. ఎదురింటావిడైతే, "జైలుకెళ్ళొచ్చినదానికి గదిస్తావా వదినా?" అంది. అంతకు ముందు ఏడాది మా పనిమనిషిని లాక్కున్నది ఆవిడే. ఆ మాట వినగానే గది ఇచ్చేశాను. దాన్ని దయ అనుకోవద్దు. ఆమె మొదటి వారమంతా పెరటి తలుపు తీసే ముందు, "తీసుకోవచ్చా పిన్నిగారూ?" అని అడిగేది. నీ గది తలుపేనమ్మా అన్నా అడిగేది. జైల్లో నేర్చుకున్న కుట్టుపనితో జాకెట్లు కుట్టేది. మిషను చప్పుడుకి నాకు మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. ఆ సంగతి ఆమెకు రెండుసార్లు చెప్పాను కూడా.

ఆమెకు పదేళ్ళ కూతురు. ఈపూరు అవతల పల్లెలో బావగారింట్లో పెరుగుతోంది. మీ అమ్మ హైదరాబాద్‌లో హాస్టల్లో వంట చేస్తోందని ఆ పిల్లకు చెప్పి ఉంచారు. పిల్లను తెచ్చుకోవాలని ఈమె రెండుసార్లు వెళ్ళింది. తోడికోడలు అరుగు మీదే కాఫీ ఇచ్చి, "ముందు నువ్వు కుదురుకో, తర్వాత చూద్దాంలే" అని పంపేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాఫీ ఇచ్చింది నాకు కాకపోయినా సరే, అవమానం అవమానమే. అర్జీ రాద్దామన్నాను. "జైలు సంగతి పిల్లకి తెలీదు పిన్నిగారూ. నేనే నిదానంగా చెప్పుకుంటా" అంది. అర్జీ ఆఫీసుకి వెళ్తుంది గానీ పిల్ల చేతికి వెళ్తుందా అన్నాను. నా అర్జీల్లో అబద్ధం ఉండదు, వదిలేసిన సంగతీ ఉండదు. కేసు, శిక్ష, విడుదల అన్నీ వరసగా రాశాను. ఆమె చదవకుండానే సంతకం పెట్టింది. జైల్లో ఉన్నన్నాళ్ళూ ఎవరు ఏ కాయితం చూపిస్తే దాని మీద పెట్టి పెట్టి అలవాటైపోయింది కాబోలు.

విచారణకొచ్చిన ఉద్యోగి పద్ధతి ప్రకారమే చేశాడు. ఎదుటివాళ్ళకు అర్జీ చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. బావగారింటి అరుగు మీద కూర్చుని మొదటి వాక్యం నుంచి చివరిదాకా గట్టిగా చదివాడు. బడి నుంచి అప్పుడే వచ్చిన పిల్ల సంచీ భుజాన ఉండగానే స్తంభం పక్కన నిలబడి అంతా వింది. ఈ పద్ధతి నాకు తెలియనిది కాదు. నా మీద పెట్టిన అర్జీలు నాకూ అలాగే చదివి వినిపించారు.

పిల్లను తల్లికి అప్పగించమని తేలింది. మర్నాడు ఇద్దరం వెళ్ళాం. నేను గెలిచిన మనిషిలాగే వెళ్ళాను. పిల్ల గడప దాటలేదు. "హైదరాబాద్ బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు మీదికి ఉరికేదాన్ని. నువ్వు ఆ ఊళ్ళోనే లేవంటగా" అంది తల్లితో. ఏడవలేదు. లోపలికి వెళ్ళిపోయింది. తోడికోడలు నావైపు చూసి, "చానా బాగా రాశారండీ" అంది. తిరిగొచ్చి మా బస్టాండులో దిగాక ఈమె, "ఇంక మా గురించి ఏం రాయబాకండి పిన్నిగారూ" అంది. తిట్టి ఉంటే కోపం తెచ్చుకునే వీలైనా ఉండేది. రెండు నెలలు ఆమె నాతో అవసరానికి మించి పలకలేదు. మిషను చప్పుడు మాత్రం వినపడేది.

ప్రతి ఆదివారం ఆమె ఈపూరు బస్సెక్కేది. అరుగు మీద కూర్చుని, పిల్ల వచ్చినా రాకపోయినా, లోపలికి వినపడేట్టు తన జైలు రోజుల గురించి చెప్పేదట. ఏం వండేవాళ్ళు, ఎన్నింటికి లేపేవాళ్ళు, రాత్రి పక్కన ఎవరు పడుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు పిల్ల గడప మీదికొచ్చి కూర్చుంది. ఇంకొన్నాళ్ళకు జడ వేయించుకుంది. వేసవి సెలవుల తర్వాత సంచీ తీసుకుని వచ్చేసింది.

వచ్చిన రోజు సాయంత్రం నా వాకిట్లో నిలబడి, "ఆ కాయితం రాసింది మీరేనా?" అంది.

"నేనే."

"అమ్మ చెప్తానందిగా. మీకెందుకంత తొందర?"

నా మీద అంతకంటే న్యాయమైన ఫిర్యాదు ఎవరూ చేయలేదు. అన్నం తిన్నావా అన్నాను. తిన్నానని చెప్పి తల్లి దగ్గరికి పోయింది.

పిల్ల వచ్చాక పదకొండు నెలలున్నారు. తర్వాత మాచర్లలో కుట్టుపని దొరికిందని వెళ్ళిపోయారు. పిల్ల వెళ్తూ వెళ్తూ తల ఊపింది, అంతే. గది ఖాళీ అయి నాలుగేళ్ళు దాటింది. ఆ పదకొండు నెలల్లో ఏ రోజు ఏం జరిగిందో చెప్పగలను గానీ, ఈ నాలుగేళ్ళలో ఒక్క రోజునీ ఇంకో రోజు నుంచి విడదీసి చెప్పలేను.