లూచియా గారు తట్టి చూపిన అక్షరాలు

2017 వేసవిలో సన్నీవేల్‌లో నేను పనిచేసే స్పీచ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను ఇటాలియన్ గొంతుకు టెస్ట్ లీడ్‌గా వేసింది. చూపులేనివారికి పుస్తకాలు చదివి వినిపించే గొంతు అది. నా సంతకం లేనిదే విడుదల కాదు. నాకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. అయినా, మన తెలుగులాగే మాటలు అచ్చులతో ముగిసే భాష కదా, కొట్టిన పిండే అనుకున్నాను. అంత పొగరు.

యంత్రం ముందుగా మాటను అక్షరాలుగా విడగొడుతుంది. తరువాత, చాలా మాటల్లో, చివరినుంచి రెండో అక్షరాన్ని నొక్కి పలుకుతుంది. దాన్నే ఊనిక అంటారు. ఊనిక పడ్డ అక్షరం అచ్చుతో ముగిస్తే సాగదీస్తుంది, హల్లుతో ముగిస్తే సాగదీయదు. విడగొట్టే నియమం నేను చెప్పాను, శిరీష కోడ్ రాసింది. గుంటూరు అమ్మాయి, హెచ్-వన్ వీసా మీద ఉంది.

సరిచూశానని నేను సంతకం పెట్టేశాక, విడుదలకు మూడు రోజుల ముందు లూచియా గారు వచ్చారు. చర్చిలో ఏళ్ల తరబడి పాట నేర్పిన ఇటాలియన్ పెద్దావిడ, విని తప్పొప్పులు చెప్పడం ఆవిడ పని. ‘స్పాగెత్తి’ వినగానే, ఆ ‘గె’ని ఎందుకలా సాగదీస్తోందని అడిగారు. జంట హల్లులున్న మాటలన్నీ అలాగే ఉన్నాయి. కోడ్ రాసినవాళ్లను ఉద్యోగం నుంచి తీసేస్తానన్నాడు మేనేజర్. ఉద్యోగం పోతే శిరీష ఈ దేశంలో ఉండగలిగేది అరవై రోజులు.

“మూర్తిగారూ, మీరిచ్చిన రూలే కదండీ కోడ్ చేశాను,” అంది మెల్లగా.

లూచియా గారు అరచేత్తో బల్ల తట్టి చూపారు: స్పా, గెత్, తి. నేనేమో మన రాతలోలాగా ఒత్తును తరువాతి అక్షరానికే అంటించాను: స్పా, గె, త్తి. ‘గె’ అచ్చుతో ముగిసింది కనుక యంత్రం దాన్ని సాగదీసింది. మనలాంటి రాత ఉన్నవాడు తప్ప ఇంకెవడూ చేయని పొరపాటు. అనుమానం వచ్చి నేనూ బల్ల మీద ‘అమ్మ’ తట్టాను. అమ్, మ. పుట్టినప్పటినుంచీ పలుకుతున్న మాటను ఇన్నేళ్లూ కళ్లతో చూశానే గానీ ఒక్కసారైనా చెవితో వినలేదు. ఎక్కడి ఇటలీ, ఎక్కడి మా తెనాలి! ఇద్దరి నోళ్లూ మాటను ఒకే చోట విరుస్తున్నాయి.

నియమం నాది, సరిచూశానని పెట్టిన సంతకమూ నాదేనని మేనేజర్‌తో చెప్పాను. శిరీష ఒక్క పూటలో కోడ్ మార్చింది. లూచియా గారు కళ్లు మూసుకుని విని, తలూపారు. శిరీష ఉద్యోగం నిలిచింది, నా టెస్ట్ లీడ్ పదవి పోయింది.

రాని భాషను పరీక్షించేవాడు ముందు తన భాషను విని చూసుకోవాలి. వినకుండా సంతకం పెట్టినవాడు ఆ తప్పును ఇంకొకరి మీదకు పోనివ్వకూడదు.