మూడు పిలుపులు

నేను పనిచేసిన కోర్టు చాలా చిన్నది. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే దారిలో, ఒక కిరాయి మేడ మీద నడిచేది. అక్కడ నేను టైపిస్టును. వరండాలోకి వచ్చి కేసుల పేర్లు పిలిచే బంట్రోతు రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. కాగితాలు హైదరాబాద్ దాకా పోయాయన్నారు. జవాబు మాత్రం రాలేదు.

కొన్నాళ్లు ఊరి మున్సిపాలిటీ వాళ్లు ఒక మనిషిని అరువిచ్చారు. అబ్బ, ఏం గొంతు! మూతపడక ముందు చక్కెర ఫ్యాక్టరీ కూత అట్లాగే ఉండేది. వానలు మొదలవగానే మోరీల్లో పూడిక తీయాలని అతన్ని వెనక్కి తీసుకున్నారు. మళ్లీ అడగబోతే అక్కడి మేనేజర్ నవ్వాడు.

"మాకే మనుషులు లేరన్నా. తాదూర కంత లేదు, మెడకో డోలంటే ఎట్ల?"

దాంతో పిలిచే పని నా మీద పడింది. డిగ్రీ చదివి, టైపు హయ్యర్ పాసై, వరండాలో నిలబడి అరవాలా అని ఒళ్లు మండింది. ఏ పేరైనా మూడుసార్లు పిలవాలి. పిలిచేవాణ్ని, గుమ్మం దాటకుండా, పక్కవాడికి వినబడేంత.

ఆ రోజు నవీపేట్ అవ్వ కేసు వచ్చింది. బీడీలు చుట్టుకుని బతికే ముసలావిడ. ఆమె వాకిట్లో మరిది గోడ కట్టకుండా కోర్టు స్టే ఇచ్చి ఉంది. అవ్వ వకీలు ఆ పూట నిజామాబాద్‌లో ఇంకో కేసులో చిక్కుకున్నాడు. నేను మూడుసార్లు గొణిగాను. జడ్జిగారు కాసేపు చూసి దావా కొట్టేశారు. దానితో పాటే స్టే కూడా పోయింది. "పిలిచినా రాలేదు" అని టైపు చేసింది నేనే.

మధ్యాహ్నం కిందికి దిగితే మెట్ల పక్క బెంచీ మీద అవ్వ కనబడింది. పొద్దున్నుంచీ అక్కడే ఉందట. జరిగింది చెప్పాను.

"గీడనే కూసున్న గద సారూ!" అంది. మళ్లీ తనే, "నా చెవులే మందమైనయేమో. మీరు పిలిసే ఉంటరు" అంది.

అప్పుడైనా పైకి వెళ్లి నిజం చెబితే, జడ్జిగారు మెత్తని మనిషి, కేసు ఆ పూటే మళ్లీ తీసుకునేవారేమో. నేను నోరు విప్పలేదు. భయపడి కాదు, సిగ్గుపడి. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

వకీలు తిప్పలు పడి దావా మళ్లీ తెరిపించేసరికి వాకిట్లో గోడ లేచింది. తర్వాతి వాయిదాకు అవ్వ బెంచీ మీద కూర్చోలేదు. మోకాళ్లు పట్టుకుంటూ మేడెక్కి, నా గుమ్మం పక్కనే, చెవి దగ్గర చేయి పెట్టుకుని నిలబడింది.

ఆ రోజు అరిచాను. రోడ్డవతల చాయ్ బండి దగ్గరి వాళ్లు కూడా తలెత్తి చూశారు. అవ్వ నా పక్కనే ఉంది.