కొసరుగా అడిగి తెచ్చుకున్న పెట్టె

మాది కిరాణా కుటుంబం. కొసరు అడక్కుండా కొట్టు దిగినవాణ్ణి మా ఇంట్లో మనిషి కింద జమకట్టేవారు కాదు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వచ్చినా ఆ బుద్ధి పోలేదు. ఆ శనివారం పక్క వీధిలో ఇంటి ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్‌లో ఓ పెద్దాయన దగ్గర డ్రిల్లు బేరమాడి, బల్ల కిందున్న అట్టపెట్టె చూపించి, "అది కూడా ఇచ్చేయండి" అన్నాను. ఆయన మూత కూడా తియ్యకుండా చేతిలో పెట్టాడు. గెలిచిన మొహంతో ఇంటికొచ్చాను.

పెట్టెలో గరుకు కాగితాలు, తుప్పు పట్టిన మేకులు. అడుగున పిస్తోలు పిడిలాంటి బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క. బొమ్మేమో అనుకుని, తుపాకీ కాల్చడానికి షూటింగ్ రేంజ్‌కి వెళ్లే ఆఫీసు మిత్రుడికి వీడియో కాల్‌లో చూపించాను.

వాడి నవ్వు ఆగిపోయింది. "బావా, కింద పెట్టెయ్. అది గన్ ఫ్రేమ్. ఇంట్లో గన్ చేసుకునేవాళ్లు కొంటారు. సీరియల్ నంబర్ ఉందా?"

తిప్పి చూశాను. లేదు.

"నంబర్ లేనిది ఈ స్టేట్‌లో దగ్గరుంటేనే కేసు. నీ గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగే కదా?"

"పోయి ఆయనకే ఇచ్చేస్తా."

"కార్‌లో పెట్టుకుని తిరుగుతావా? నీకేమైనా పిచ్చా?"

వంటింట్లోంచి అంతా విన్న నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "డ్రిల్లు చాల్లేదా మీకు?" అంటూనే పోలీసులకి ఫోన్ చేసింది.

వచ్చిన ఆఫీసరు గ్లవ్స్ వేసుకుని ఆ ముక్కని సంచిలో పెట్టాడు.

"ఇది ఆ గరాజ్ సేల్ ఆయనే మీకిచ్చాడా?"

ఔనంటే ఆ ముసలాయన ఇరుక్కుంటాడు, నేను బయటపడతాను. కాదంటే గ్రీన్‌కార్డు ఏమవుతుందో తెలీదు. నా భార్య రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది.

"నేనే అడిగానండీ."

"లోపలేముందో తెలిసే అడిగారా?"

"తెలీదు. ఏదైనా కొంటే పైన ఇంకేదో అడగడం మాకు అలవాటు."

అతను రాయడం ఆపి నన్ను చూశాడు. గిరాకీ మొహం చదవడంలో మా నాన్నను మించినవాడు లేడనుకునేవాణ్ణి. ఇతను ఇంకా తీరిగ్గా చదివాడు.

"మీరే పిలిచారు కాబట్టి ఇవాళ్టికి ఇది మాత్రం తీసుకెళ్తున్నా. డిటెక్టివ్ కాల్ చేస్తే మాట్లాడండి."

'అయితే కేసు లేనట్టేనా?' అని ఖాయం చేసుకోవడానికి నోరు తెరిచాను. నా భార్య నా మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది.

ఇప్పుడు తెలియని నంబరు మోగితే, కారు వారంటీ అమ్మేవాళ్లేనని తెలిసినా, రెండో రింగు దాకా ఎత్తకుండా ఆగలేకపోతున్నాను.