మామునూరు మీద పాత విమానాలు

తడి సున్నం వాసన ముక్కుకు తగిలిందంటే నాకు ఇప్పటికీ కాజీపేట సమాధుల పండుగే. ఈ పొద్దున బకెట్ల సున్నం కలుపుతుంటే ఆ నవంబర్ చలి, బంతిపూల గంపలు, కొవ్వొత్తుల పొగ, రైల్వే క్వార్టర్ల ఆడోళ్లు తమోళ్ల సమాధులు కడుక్కుంట పోయినోళ్ల ముచ్చట్లు నవ్వుతూ చెప్పుకునుడు, మేం పిల్లలం కారిన మైనాన్ని ఉండలు చేసి గోటీలాడుడు, అన్నీ ఒక్కసారే యాదికొచ్చినయి.

ఆ సందడికి రానిది మా నాయనమ్మ ఒక్కతే. ఆమె చిన్నకొడుకు, మా ప్రకాశం చిన్నాయన, మిలిటరీ విమానం నడిపేటోడు. నేను పుట్టకముందే మంచుకొండల్లకు సామాన్లు తీసుకపోతూ విమానంతో సహా కనబడకుండ పోయిండు. ఆఫీసర్లు వచ్చి చనిపోయిండని చెప్పినా నాయనమ్మ నమ్మితే కదా! ఇంజన్ డ్రైవర్ భార్య ఆమె. ఎంత లేటైనా బండి టేషన్‌కు రాక తప్పదని బతుకంతా చూసిన మనిషి, విమానమైనా అంతే అనుకుంది. మా బాపు ఉత్త సమాధిరాయి అన్నా పెడదామంటే అన్నం ముందు నుంచి లేచిపోయేది. ఆదివారం కోడికూరల కార్జం చిన్నాయనది, ఎవరూ ముట్టొద్దు. పొద్దుగూకేదాకా గిన్నెల మూసిపెట్టి, అప్పుడు నాకు పెట్టేది.

నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు, పండుగకు కొంచెం ముందు, డ్యూటీల ప్రాణమిచ్చిన పైలట్ల యాదిల మామునూరు పాత ఎయిర్‌పోర్టు మీద పాతకాలపు మిలిటరీ విమానాలు ఎగురుతయని తెలిసింది. చిన్నాయన నడిపింది అసొంటిదే. నాయనమ్మ కొత్తచీర కట్టి, గారెలు చేసి, టేషన్‌కు కొడుకును తీసుకరాను పోయినట్టే బయలెల్లింది. ఈమె అక్కడ ఏమైపోతదోనని బాపుకు ఒకటే ఫికర్.

ఎండ ఎక్కినాక వచ్చినయి. పిండిగిర్నీ లెక్క మోత. ఒద్దికగా పక్కపక్కన వస్తున్నవాటిల నుంచి ఒకటి ఉన్నట్టుండి పైకి లేచి మబ్బుల్లకు పోయింది. మిగిలినవి దాని చోటును అట్లనే ఖాళీగా ఉంచి మా నెత్తిమీది నుంచి సాగిపోయినయి. అదెందుకు పోయిందని నేను బాపును అడిగిన. నాయనమ్మే చెప్పింది.

"వానికి జాగ ఇడిసిపెట్టిన్రు బిడ్డా. ఇగ రాడని వాళ్లకు ఎరుకే."

అక్కడే మట్టిల కూలబడి ఇన్నేండ్ల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. గారెలు ఎవరం ముట్టలేదు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోల బాపు చెయ్యి పట్టుకొని, రాయి పెట్టుమని, దాని పక్కన తనకు కూడా జర జాగ ఉంచుమని చెప్పింది. ఆ పండుగకు చిన్నాయన రాయికి ఆమెనే సున్నమేసింది.

ఆ క్వార్టర్లు కూలగొట్టిన్రు. అసొంటి విమానాలు మళ్ల మా దిక్కు రాలేదు. సమాధులకు ఇప్పుడు టైల్స్ వేస్తున్నరు, మైనంతో ఆడే పిల్లలు లేరు. నాయనమ్మ పోయి శానేండ్లయింది, కొడుకు రాయి పక్కనే ఉంది. సమాధుల తోట నిండిపోయిందని, చిన్నాయన రాయి కింద ఎట్లాగూ ఎవరూ లేరు కదా, ఆ జాగ ఇయ్యరాదా అని మొన్న మా చుట్టాలాయన మర్యాదగానే అడిగిండు. ఎవరూ లేరు కాబట్టే అది మా చిన్నాయనది, ఇయ్యనని చెప్పిన.