టెంప్ ఫోల్డరూ, అత్తమ్మ చీరా

మగ్గం ఎక్కకముందే ఒక పెళ్లికూతురి పట్టుచీరను మాయం చేసిన ఘనుణ్ణి నేను. కత్తెర పట్టలేదు, నిప్పు పెట్టలేదు. కంప్యూటర్లో కాస్త జాగా చేశాను, అంతే.

నల్లగొండలో కంప్యూటర్ డిగ్రీ పూర్తిచేసి, లోకంలోని కంప్యూటర్లన్నీ నా చేతి కోసమే మొరాయిస్తున్నాయని నమ్మే రోజులవి. గట్టుప్పల్‌లో అక్కావాళ్లింటికి వెళ్లాను. బావది నేతపని. చీరల డిజైన్లు కంప్యూటర్లోనే గీస్తాడు. ఆ వారమే అదేదో అప్‌డేట్ మింగి, డిస్కులో చోటు లేదంటూ కాడి కింద పడుకున్న ఎద్దులా కదలనంది.

"బామ్మర్దీ, జర సూడు. పెండ్లి చీర డిజైన్ తెరుసుకుంటలేదు," అన్నాడు బావ.

"ఫికర్ చెయ్యకు బావా. అప్‌డేట్ అయినంక పాత చెత్త మిగుల్తది. ఊడ్సేస్త."

"ఏది చెత్తనో తెలుస్తదా?"

"నేను సదివిందే గది."

పాత అప్‌డేట్ ఫైళ్లు తీసేసే బటన్ ఒకటుంది. నొక్కాను, చోటు వచ్చింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "టెంప్" అనే ఫోల్డరు కంటబడింది. తాత్కాలిక ఫైళ్లే కదా అని చెరిపేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను.

బావ వచ్చి చూశాడు. "టెంప్ ఏది?"

"టెంపరరీ గదా, తీసేసిన."

"టెంపుల్ రా అది. గుడి అంచు డిజైన్లన్నీ, పెండ్లి చీరది సుతం, అండ్లనే ఉన్నయి. పేరు మొత్తం కొట్టనీకె బద్దకమైంది."

సరిగ్గా అప్పుడే బావ వాళ్లమ్మ, మా అత్తమ్మ, హాలియాలో ఫంక్షన్‌కని బయల్దేరి గడప దాటుతోంది. ఒంటిమీద అదే డిజైన్‌తో బావ ముందే నేసిచ్చిన చీర.

"అత్తమ్మా, జర ఆగు. నిన్ను సూసి గీయాలె," అన్నాను.

"నేనేమన్న బొమ్మనారా? బస్సు పోతాంది."

"ఇంకో చీర కట్టుకొని పోరాదా అత్తమ్మా," అంది అక్క.

"గీ చీర సూపియ్యనీకే గదనే నేను పోయేది."

చివరికి కొంగు పరిచి కూర్చుంది, వచ్చేపోయే బస్సులన్నిటినీ తిడుతూ. బావ ఫోన్లో మూలమూలా ఫొటోలు తీసి, వాటిని చూసి చుక్క పొల్లుపోకుండా మళ్లీ గీశాడు.

చీర నేశాక పెళ్లికూతురి తల్లి వచ్చి కొంగు విప్పి చూసింది. "అంచు మంచిగున్నది. గీ మూలకు మామిడి పిందె కొత్తగ పెట్టినవా?"

నేను బావ ఫోన్లో ఆనాటి ఫొటో తెరిచి చూశాను. అది పిందె కాదు. అత్తమ్మ పచ్చిపులుసు మరక.

బావ తొణకలేదు. "అవునమ్మా, అది మా ఇంటి డిజైన్," అన్నాడు.

పెళ్లిలో ఆ చీర చూసినవాళ్లు ఇంకో ఇద్దరు పిందెతో సహా కావాలని వచ్చారు.

సూర్యచంద్రుల సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను: యజమానిని అడగనిదే ఏ ఫోల్డరూ చెరపను, అత్తమ్మ కొంగు ఉతకనిదే ఏ డిజైనూ గీయనివ్వను.